బల్ల మీద ఎర్ర చెయ్యి

గేటు సగమే తెరిచి, ఆ సందులో అడ్డంగా నిలబడి కృష్ణవేణి అడిగింది. "జమీర్ ఏడీ?"

"ఆయన రాడమ్మా. నేనే చేస్తా," అంది హజ్రా బీ.

"నువ్వా? ఆయన పాలిష్ వేస్తుంటే నువ్వు గుడ్డలు ఉతికిపెడతావేమో అనుకున్నా."

"గుడ్డలు కూడా నేనే ఉతుక్కుంటా."

పిడుగురాళ్లలో సున్నపు బట్టీల యజమానులు ఇళ్లు కట్టుకున్న వీధి అది. సోమవారం పొద్దున. హజ్రా బీ నరసరావుపేట నుంచి మొదటి బస్సుకు వచ్చింది. చేతిలో రేకుపెట్టె. అందులో లక్క రేకులు, స్పిరిట్ సీసా, గరుకు కాగితాలు, గీకుడు రేకు, పాత నూలు చీర ముక్కలు. నలభై ఏడేళ్ల మనిషి. ఎడమ చేతి గోళ్లలో లక్క రంగు ఎంత కడిగినా పోదు.

భర్త జమీర్ నరసరావుపేటలో ముప్పై ఏళ్లు చెక్కసామాన్లకు పాలిష్ వేశాడు. నాలుగేళ్ల కిందట చేతులు వణకడం మొదలైంది. చెయ్యి వణికితే పూత చారలు పడుతుంది. మొదట్లో అతను దగ్గర కూర్చుని చెబుతుంటే ఆమె వేసేది. తర్వాత అతను కూర్చోవడం కూడా మానేశాడు. ఇప్పుడు ఇంట్లో మంచం మీద నుంచే, ఆమె తీసుకొచ్చిన ఫొటోలు చూసి, ఫలానా మూల చార పడిందని చెబుతాడు. పడని చోట కూడా చెబుతాడు. ఫోన్ నంబరు ఇంకా అతని పేరు మీదే ఉంది. ఫోన్ చేసిన వాళ్లు అతన్నే అడుగుతారు. గేటు దగ్గర ఆమెను చూసి ముఖం మాడ్చుకుంటారు. నరసరావుపేటలో, సత్తెనపల్లిలో నాలుగేళ్లు ఇట్లా గేట్ల దగ్గర నిలబడి నిలబడి, కొన్ని ఇళ్లలో తన పేరు చెప్పి పిలిపించుకునే దాకా తెచ్చుకుంది.

పిడుగురాళ్లలో ఇది మొదటి ఇల్లు. ఆ వీధిలో పధ్నాలుగు ఇళ్లు. అన్నిట్లోనూ టేకు సామాను. పాలిష్ పనికి ప్రకటనలు ఉండవు. ఒక ఇంటి ఆడవాళ్లు పక్కింటి ఆడవాళ్లకు చెప్పాలి. మంచి చెబితే వీధంతా తెరుచుకుంటుంది. చెడు చెప్పినా అంతే తొందరగా మూసుకుంటుంది. హజ్రా బీకి ఆ లెక్క తెలుసు కాబట్టే సగం తెరిచిన గేటు ముందు నోరు అదుపులో పెట్టుకుని నిలబడింది.

కృష్ణవేణి చిరాకుకు కారణం హజ్రా బీ కాదు, బల్ల. భోజనాల బల్ల, ఆరు కుర్చీలు ఆమె మామగారు బర్మా టేకుతో చేయించినవి. ఆమె గుంటూరులో గాజు పలక వేసిన బల్ల ఒకటి చూసి వచ్చింది. భర్త గోపాలకృష్ణ ఒప్పుకోలేదు. అతను ఈ ఏడాది సున్నం వర్తకుల సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ఆదివారం కమిటీ వాళ్లకు ఇంట్లో భోజనం. అది తండ్రి బల్ల మీదే పెట్టాలని పట్టుబట్టాడు. బల్లను బాగుచెయ్యడానికి వచ్చిన మనిషి కృష్ణవేణికి పగవాళ్ల తరఫు మనిషిలా కనిపించింది.

"వంటింట్లోకి రావద్దు," అంది లోపలికి నడుస్తూ. "హాల్లోనే చేసుకో. కుర్చీలు వెనక గదిలో పెట్టుకో. నీళ్లు కావాలంటే రాములమ్మను అడుగు."

రాములమ్మ ఆ ఇంట్లోనూ, పక్కనే కీర్తి వాళ్ల ఇంట్లోనూ ఇరవై ఏళ్లుగా పని చేస్తోంది. అరవై దాటింది. ప్లాస్టిక్ సీసాలో నీళ్లు తెచ్చి గోడ పక్కన పెట్టింది.

"సీసా తిరిగివ్వాలా అక్కా?"

"ఎందుకు? ఇంటికి తీసుకుపో. వాళ్లకు అక్కర్లేదు, నాకూ అక్కర్లేదు."

సోమవారమంతా హజ్రా బీ పాత పాలిష్ గీకింది. ముప్పై ఏళ్ల పప్పుచారు, నూనె, తడి గ్లాసుల గుండ్రటి మరకలు పొట్టులా రాలాయి. కృష్ణవేణి గంటకోసారి వచ్చి చూసి, "చెక్క మొత్తం పోగొట్టేట్టున్నావే," అని వెళ్లింది. సాయంత్రానికి బల్ల పచ్చి చెక్కగా తేలింది. ఆ దశలో చెక్క ఏది తగిలినా తాగేస్తుంది. నీటిచుక్క పడ్డా మరక అవుతుంది. హజ్రా బీ వెళ్తూ, "పూత పడే దాకా దీని మీద ఏం పెట్టమాకండమ్మా, తడి అసలు తగలనియ్యమాకండి," అని చెప్పింది.

"నా ఇంట్లో ఏది ఎక్కడ పెట్టాలో నాకు చెబుతున్నావా?"

"చెక్క సంగతి చెబుతున్నానమ్మా."

మంగళవారం కుర్చీల వంతు. వాటినీ గీకేసింది. ఒక కుర్చీ కాలు ఊగుతోంది. బిగించాలంటే ముందు పాత బంక వదలాలి. హజ్రా బీ కీలు మీద వేడినీళ్ల గుడ్డ చుట్టింది. కాసేపటికి బంక కరిగి వెనక గదంతా వాసన కొట్టింది. కృష్ణవేణి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చింది.

"ఏందీ కంపు?"

"పాత బంకమ్మా. అప్పట్లో వడ్రంగులు ఇదే వాడేవాళ్లు."

"దేంతో చేస్తారు?"

అక్కడ హజ్రా బీ అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు. పనిలో ఉండి, తల ఎత్తకుండానే చెప్పింది. "తోలు ముక్కలు, ఎముకలు ఉడకబెట్టి చేస్తారు."

కృష్ణవేణి కుర్చీకి దూరంగా జరిగింది. నీసు పేరు కూడా గట్టిగా పలకని ఇల్లు అది. కోడిగుడ్డు తిన్నవాళ్లు వస్తే మర్నాడు గడప కడిగిస్తారు.

"మేం ముప్పై ఏళ్ల నుంచి దీని మీదనే అన్నం తింటున్నాం," అంది కృష్ణవేణి.

"అందరి ఇళ్లలోనూ అంతేనమ్మా. లోపల కీళ్లలో ఉంటది. పైకి తగలదు."

"నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదుగా!"

"మీరు అడిగారు."

"అడిగితే చెప్పేయడమేనా? నీకు అలవాటుగా ఉంటది, తోలూ ఎముకలూ. మాకు కాదు."

హజ్రా బీ కొత్త బంకతో కాలు బిగించి, తాడుతో కట్టి, నాలుగు గంటల బస్సుకు వెళ్లిపోయింది.

ఆమె గేటు దాటగానే కృష్ణవేణి రాములమ్మను పిలిచింది. బకెట్టులో నీళ్లు, నాలుగు చెంచాల పసుపు. బల్ల, కుర్చీలు కడిగించింది. ఈ ఇంట్లో మైల తగిలిన ప్రతిదానికీ ఇదే మందు. స్టీలు గిన్నెలకు, గచ్చుకు, గడపలకు పనికొచ్చిన పద్ధతి పచ్చి టేకుకు పనికిరాదని ఆమెకు తెలియదు. ఆ కడగడం బంక కోసమా, బంక సంగతి చెప్పిన మనిషి కోసమా అంటే రెండూ అనే చెప్పాలి. బల్ల ఆరాలని హాలు కిటికీలన్నీ తెరిపించింది. బట్టీల గాలి ఆ వీధిలోకి నేరుగా వస్తుంది. ఏ పూట తుడిచినా మరుపూటకు కిటికీ చువ్వల మీద తెల్లగా సున్నం పేరుకుంటుంది. ఆ వీధి వాళ్లకు అది దుమ్ము కాదు, గాలి. పట్టించుకోరు.

బుధవారం హజ్రా బీ వచ్చేసరికి పక్కింటి గేటు దగ్గర కీర్తి నిలబడి ఉంది. ముప్పై ఏళ్ల మనిషి, బజార్లో చీరల కొట్టు నడుపుతుంది. రెండు రోజులుగా వస్తూ పోతూ హజ్రా బీని పలకరిస్తోంది. ఫోన్ చాచి చూపించింది.

"ఏందిది హజ్రా, నువ్వేనా చేసింది?"

ఫొటోలో బల్ల. పసుపు పచ్చటి చెక్క మీద, మధ్యలో, ఎర్రగా ఒక అరచెయ్యి. ఐదు వేళ్లూ విడిగా, స్పష్టంగా. చుట్టూ ఎర్రటి మచ్చలు. కింద కృష్ణవేణి రాసిన మాట, 'పాలిష్ చేస్తానని వచ్చి ఏదో చేసిపెట్టి పోయింది. జాగ్రత్త.' వీధి ఆడవాళ్ల గ్రూపు అది. పదమూడు ఇళ్ల వాళ్లూ చూశారు. ఇద్దరు దేవుడి బొమ్మలు పెట్టారు. ఒకామె మాచర్ల దగ్గర ఇట్లాంటి చేతబడులు విరిచే మనిషి నంబరు పెట్టింది.

హజ్రా బీ రేకుపెట్టె కింద పెట్టింది. పని చెడగొట్టింది అనే మాట ఎట్లాగో మోయొచ్చు. ఏదో చేసిపెట్టింది అనే మాట పడ్డాక ఎవరూ గడప ఎక్కనివ్వరు. ఇక్కడే కాదు, నరసరావుపేటలో కూడా.

ఫొటో మళ్లీ చూసింది. వేళ్లతో పెద్దది చేసి చూసింది. అప్పుడు భయం పోయి కోపం వచ్చింది.

"కీర్తమ్మా, నాతో రండి. మీరు చూడాలి."

కృష్ణవేణి గేటు తియ్యలేదు. గోపాలకృష్ణ వచ్చి తీశాడు. బట్టీకి బయల్దేరబోతూ ఆగిపోయిన మనిషి. "లోపలికి రానీ. ఏం చేసిందో దాని నోటితోనే చెప్పించు," అన్నాడు భార్యతో.

హాల్లో బల్ల దగ్గరికి ఎవరూ పోవడం లేదు. రాములమ్మ చీపురు పట్టుకుని వంటింటి గుమ్మంలో ఉంది. హజ్రా బీ నేరుగా వెళ్లి తన కుడిచెయ్యి ఆ ఎర్రచెయ్యి మీద పెట్టింది. గుర్తు ఆమె చెయ్యి చుట్టూ అంగుళం మేర బయటికి కనబడింది.

"నా చెయ్యి ఇంత. ఇది మగవాళ్ల చెయ్యి. అయ్యగారూ, మీరు పెట్టండి."

"నేనెందుకు పెడతా?"

"పెట్టండయ్యా. మీ బల్లేగా."

కీర్తి చూస్తోంది. పెట్టకపోతే బాగుండదు. గోపాలకృష్ణ పెట్టాడు. చూపుడువేలు వెలుపలికి వంగిన తీరుతో సహా సరిపోయింది.

"నిన్న బట్టీ నుంచి వచ్చి ఇక్కడ ఆనుకున్నారా?"

అతను భార్య వైపు చూశాడు. "బూట్లు విప్పేటప్పుడు ఆనుకున్నా. తడిగా ఉంది. అదే... ఎందుకు తడిగా ఉందని అడుగుదామనుకుని మర్చిపోయా."

"ఎందుకు తడిగా ఉందమ్మా?" అంది హజ్రా బీ.

కృష్ణవేణి కిటికీ వైపు తిరిగింది. హజ్రా బీ వెనక గదికి వెళ్లి ఒక కుర్చీ మోసుకొచ్చి హాలు మధ్యలో పెట్టింది. కిటికీ లేని గదిలో ఉన్న కుర్చీ పసుపు రంగులో ఉంది. ఎర్ర మచ్చ ఒక్కటి లేదు. ఆమె కిటికీ చువ్వ మీద వేలు రాసి, ఆ తెల్లటి పొడిని తడి చేసి కుర్చీ మీద రుద్దింది. అందరూ చూస్తుండగానే గీత ఎర్రబడింది.

"పెళ్లికూతురికి పారాణి ఎట్టా చేస్తారు? పసుపులో సున్నం కలిపేగా. సున్నం అమ్ముకుని బతికే ఇంట్లో ఇది నేను వచ్చి చెప్పాలా?"

కీర్తికి నవ్వు ఆగలేదు. "అన్నయ్యా, ఇంట్లోనే నీ చేతికి పారాణి పెట్టించుకున్నావా!" గోపాలకృష్ణ ముఖం కందగడ్డలా చేసుకుని, బట్టీలో లారీ ఆగిందని చెప్పి వెళ్లిపోయాడు.

"సరేలే," అంది కృష్ణవేణి. "తెలిసిందిగా. ఇప్పుడు ఇది పోద్దా, పోదా? ఆదివారం భోజనాలు."

"పోద్ది. నిమ్మరసం పెడితే ఎరుపు విరిగి పసుపయిద్ది. ఎండలో పెడితే ఆ పసుపూ పోద్ది. రెండు రోజులు పడుతుంది. తర్వాత రెండు రోజులు పూత."

"అయితే మొదలుపెట్టు."

హజ్రా బీ రేకుపెట్టె తెరవలేదు. దాని మీద కూర్చుంది.

"గ్రూపులో ఫొటో పెట్టారుగా. మాట కూడా అక్కడే పెట్టండి. నేనేం చేసిపెట్టలేదని."

"ఫొటో తీసేస్తాలే."

"తీసేస్తే చూసినవాళ్ల కళ్లలోంచి పోదుగా. రాయొద్దు. మీ గొంతుతో చెప్పండి."

"చెప్పకపోతే?"

"బల్ల ఇట్టాగే ఉంటది. కమిటీ వాళ్లకు చెప్పుకోండి, అది అధ్యక్షుడు గారి చెయ్యని."

"బెదిరిస్తున్నావా?"

"అవునమ్మా."

కీర్తి ఉన్నదనే సంకోచం కొంత, ఆదివారం భయం కొంత. పావుగంట తర్వాత కృష్ణవేణి ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, గోడ వైపు తిరిగి చెప్పింది. "అందరికీ నమస్కారం. మా బల్ల మీద పడ్డది పసుపూ సున్నం కలిసిన మరకే. ఇంకేం లేదు. పాలిష్ ఆమె తప్పేం లేదు. మా రాములమ్మ తెలివితక్కువగా పసుపునీళ్లతో కడిగింది. అంతే."

గుమ్మంలో చీపురు కదలిక ఆగింది.

హజ్రా బీ తనకు కావాల్సిన మాట విన్నది. మిగతా మాట కూడా విన్నది. లేచి, నిమ్మకాయలు అడిగింది.

బట్టీ కూలీలు ఇద్దరు వచ్చి బల్లను, కుర్చీలను డాబా మీదికి ఎక్కించారు. అక్కడా సున్నం రాలుతుంది కాబట్టి పూటకోసారి నిమ్మరసం గుడ్డతో తుడవాలి. మొదటిసారి తుడుస్తుండగా రాములమ్మ బట్టలు ఆరెయ్యడానికి పైకి వచ్చింది.

"ఏమే, నీ పేరు తెల్లగయిందా?"

"నేనా చెప్పింది అక్కా? ఆమె చెప్పింది."

"నువ్వు ఊకున్నావుగా. అంత నోరు పెట్టుకుని షావుకారు చేతినే బల్ల మీద పెట్టించావు. నా కాడికొచ్చేసరికి నోరు పడిపోయిందా?"

"నాకేం తెలుసు, నువ్వే కడిగావేమో."

"నాలుగు చెంచాలు వెయ్యమన్నది, వేశా. కడగమన్నది, కడిగా. ఆ ఇంట్లో పసుపు డబ్బా మూత నా అంతట నేను తీసి ఎరగను. నీకు తెలవదూ?"

తెలుసు. హజ్రా బీ బల్ల తుడుస్తూనే ఉంది. రాములమ్మ తడి దుప్పటి గట్టిగా దులిపింది. నీళ్లు బల్ల మీద పడ్డాయి. కావాలనే. హజ్రా బీ వాటినీ తుడిచింది. ఆ రోజు నుంచి తాగే నీళ్లు ఇంటి నుంచే తెచ్చుకుంది.

గురువారం సాయంత్రానికి చెక్క తన రంగుకు వచ్చింది. శుక్రవారం అన్నిటినీ హాల్లోకి దింపించి, కిటికీలన్నీ మూయించి, సందుల్లో తడిగుడ్డలు కుక్కి పూత మొదలుపెట్టింది. దూది చుట్టిన గుడ్డను లక్కలో ముంచి, సున్నాలు చుడుతున్నట్టు, ఎక్కడా ఆగకుండా. ఆగితే అక్కడ అతుక్కుంటుంది. ఇంట్లో ఎవరూ ఆమెతో మాట్లాడలేదు. ఆమెకూ అవసరం రాలేదు. శనివారం మధ్యాహ్నానికి ఆఖరి పూత ఆరింది.

కీర్తి చూడటానికి వచ్చింది. బల్ల మీదికి వంగి చూసింది. పైన తిరిగే ఫ్యాను రెక్కలు లోపల కనిపించాయి.

"వదినా, గాజు బల్ల ఎందుకింక?" అంది. కృష్ణవేణికి ఆ మాట రుచించలేదు. కీర్తి ఆపలేదు. "మా పూజ మందిరం కూడా హజ్రాకే ఇస్తా. అది టేకే. అన్నట్టు, రాములమ్మను వచ్చే నెల నుంచి మాన్పిద్దామనుకుంటున్నా. ఇంత బల్లను పాడుచేసిందంటే, రేపు మందిరాన్ని కూడా అట్టాగే కడిగిద్ది."

వెనక పెరట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

కృష్ణవేణి బల్ల అంచును కొంగుతో తుడిచింది. హజ్రా బీ సీసాలకు మూతలు పెట్టి, గుడ్డలు మడిచి పెట్టెలో సర్దింది. పెట్టె మూసి, గొళ్లెం వేసింది. అప్పుడు అంది. "మాన్పించొద్దు కీర్తమ్మా. ఆమె చెప్పిన పని చేసింది. పసుపు ఎన్ని చెంచాలో కూడా కృష్ణవేణమ్మే చెప్పింది."

"హజ్రా! నీ పని నువ్వు చూసుకో."

"అయిపోయిందమ్మా నా పని."

"అయితే బయల్దేరు. ఇంకోసారి ఈ గేటు దగ్గర కనబడమాక."

హజ్రా బీ పెట్టె ఎత్తుకుని బయటికి వచ్చింది. వీధి చివర ఆటో కోసం నిలబడి ఉంటే వెనక నుంచి రాములమ్మ వచ్చింది. చేతులకు ఇంకా గిన్నెల సబ్బు.

"ఇక రేపటి నుంచి రావద్దంది," అంది.

"కీర్తమ్మ ఇల్లు ఉందిగా."

"ఉంది. అదే మాట బుధవారం అనుంటే ఈ ఇల్లూ ఉండేది. అప్పుడు బల్ల నీ చేతిలో ఉంది, ఆమెకు నీతో అవసరం ఉంది. నీ పని అయ్యే దాకా ఆగావు."

హజ్రా బీ పెట్టెను మరో చేతికి మార్చుకుంది. ఆటో వస్తే ఎక్కింది.

ఇంట్లో జమీర్ ఫొటో చూసి, కుడివైపు అంచు దగ్గర పూత పలచగా ఉందన్నాడు. ఈసారి నిజంగానే ఉంది.

మూడు వారాలు పిడుగురాళ్ల నుంచి ఫోన్ రాలేదు. నాలుగో వారం కీర్తి చేసింది. జమీర్‌ను అడగలేదు. హజ్రా బీ పేరు చెప్పి ఆమెనే పిలవమంది.

"కృష్ణవేణి వదిన నీకు నోరెక్కువని వీధంతా చెబుతోంది. మిగతా వాళ్లు పిలవాలంటే జంకుతున్నారు."

"పని గురించి ఏమంది?"

"పనికి వంక పెట్టలేదులే. అధ్యక్షుడు గారు వచ్చినోళ్లందరికీ బల్ల చూపిస్తుంటే ఏమని పెడుతుంది? మా మందిరం చేస్తావా? ఒక్కటే షరతు. మా ఇంటి సంగతి ఇంకో ఇంట్లో చెప్పకూడదు."

"మీరు నా మీద గ్రూపులో ఫొటో పెట్టకుండా ఉంటే నేనెందుకు చెబుతానమ్మా?"

"అదుగో, ఇదే నోరు!" అంది కీర్తి. "రాములమ్మ ఇక్కడే ఉంది. నువ్వొస్తావంటే మూతి ముడుచుకుంది. చెబుతున్నా ముందే."

"ముడుచుకోనీ. తడిగుడ్డ మాత్రం మందిరం దగ్గరికి తేవద్దని చెప్పండి. సోమవారం మొదటి బస్సుకు వస్తా."